ఇంటి జమాఖర్చులకు ఉచిత సాధనాలు: అనంతపురం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇరుగుపొరుగువాళ్లు, తోటి ఉద్యోగులు, పల్లెల్లో ఉన్న చుట్టాలు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. పైసా కట్టకుండా, చేతిలో ఉన్న ఫోన్‌తోనే ఇంటి లెక్క ఎలా రాసుకోవాలన్నదే వీటన్నిటిలో విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడ్జెట్ యాప్‌లలో ఎక్కువ భాగం ఒకటో తారీఖున జీతం పడేవాళ్ల కోసం తయారైనవి. మన వైపు చాలా ఇళ్లకు డబ్బు అలా రాదు. శెనక్కాయలు అమ్మినప్పుడు కొంత, చీటీ పాడినప్పుడు కొంత, బెంగళూరులో ఉన్న కొడుకు పంపినప్పుడు కొంత వస్తుంది. కాబట్టి మనకు నెల లెక్క కన్నా ఏడాది లెక్క ముఖ్యం. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఇన్ని యాప్‌లు ఉన్నాయి కదా, ఏది పెట్టుకోమంటారు?

గూగుల్ షీట్స్. ఫోన్లో జీమెయిల్ ఉంటే చాలు, వేరే ఖాతా అక్కర్లేదు. తెలుగులో రాసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే షీట్‌ను తెరిచి రాయొచ్చు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలో ఇంటి లెక్క పట్టే చోటు లెక్కలోకే రాదు. ఫైల్‌ను ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేలా పెట్టుకుంటే సిగ్నల్ లేని పొలం దగ్గర కూడా రాసుకోవచ్చు. సిగ్నల్ వచ్చాక అదే అప్‌డేట్ అవుతుంది.

ఇంటర్నెట్‌లో ఏదీ పెట్టడం ఇష్టం లేనివాళ్లకు కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ కాల్క్ ఉంది, అదీ పూర్తిగా ఉచితం. గ్నూక్యాష్ అని ఇంకొకటి ఉంది. ప్రతి పద్దునూ రెండు వైపులా రాసే షావుకారు లెక్క అది. అంగడి నడిపేవాళ్లకు బాగుంటుంది, మామూలు ఇంటికి మాత్రం అంత అవసరం లేదు. మనీ మేనేజర్, గుడ్‌బడ్జెట్ లాంటి యాప్‌లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఉచిత భాగం కొంతవరకు సరిపోతుంది కూడా. అయితే చీటీని వాటిలో ఎక్కడ రాయాలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి కింద చెప్తాను.

షీట్‌లో ఏమేం పెట్టాలి?

అయిదు నిలువు వరసలు చాలు: తేదీ, వివరం, పద్దు, మొత్తం, ఎలా ఇచ్చాం. చివరి దాంట్లో నగదు, యూపీఐ, కార్డు అని రాస్తే సరిపోతుంది.

మొదలుపెట్టేముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్ దగ్గర ఇండియా పెట్టండి. అది అమెరికా మీద ఉంటే, మీరు జూన్ 5 అనుకుని కొట్టిన 5/6ను షీట్ మే 6 అనుకుంటుంది. నెల తిరిగాక మొత్తాలు ఎందుకు తేడా వస్తున్నాయో ఎంత వెతికినా దొరకదు. రెండు, పద్దు వరసకు డ్రాప్‌డౌన్ పెట్టండి. తెలుగులో రాసేవాళ్లకు ఇది తప్పనిసరి. ఒకరు కిరాణా అని, ఇంకొకరు కిరాణ అని, మరొకరు సరుకులు అని రాస్తే షీట్ దృష్టిలో అవి మూడు వేర్వేరు ఖర్చులు. డ్రాప్‌డౌన్ ఉంటే ఆ తంటా ఉండదు. ఈ రెండూ కంప్యూటర్‌లో ఒకసారి చేసి పెట్టుకుంటే, ఆ తర్వాత ఫోన్ చాలు.

పద్దులు పది, పన్నెండు దాటనివ్వకండి. కాఫీకి ఒకటి, ఉగ్గాని బజ్జీకి ఒకటి పెడితే వారానికే విసుగొస్తుంది. బయటి తిండి అని ఒకటే పెట్టండి. నెలాఖరున పద్దుల వారీగా మొత్తాలు చూడటానికి సమ్‌ఇఫ్ అనే ఫార్ములా గానీ, ఇన్‌సర్ట్ మెనూలో ఉండే పివట్ టేబుల్ గానీ వాడండి. పివట్ టేబుల్ పేరు వింటే భయమేస్తుంది కానీ, నేర్చుకోవడం ఒక పూట పని.

రోజూ కూర్చుని ఎవరు రాస్తారండీ?

ఎవరూ రాయరు. అందుకే గూగుల్ ఫామ్ పెట్టుకోండి. మొత్తం, పద్దు, వివరం, ఎలా ఇచ్చాం అని నాలుగు ప్రశ్నలతో ఒక ఫామ్ చేసి షీట్‌కు కలిపితే, పంపిన ప్రతిసారీ తేదీ, సమయంతో సహా షీట్‌లో ఒక అడ్డ వరస చేరుతుంది. ఆ ఫామ్‌ను క్రోమ్‌లో తెరిచి యాడ్ టు హోమ్ స్క్రీన్ కొడితే యాప్ మాదిరే ఫోన్ మీద కూర్చుంటుంది. అంగడి మెట్లు దిగేలోపు పని అయిపోతుంది. తెలుగులో టైపు చేయలేనివాళ్లు జీబోర్డ్‌లో మైకు నొక్కి చెప్పొచ్చు.

అది కూడా కుదరకపోతే ఇంటివాళ్లంతా ఉండే ఒక వాట్సాప్ గ్రూపులో "పాలు 64", "పెట్రోలు 200" అని పడేయండి. ఆదివారం పొద్దున ఒకరు కూర్చుని షీట్‌లోకి ఎక్కించుకోవచ్చు. కాకపోతే ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోలు పెట్టకూడదని ముందే అందరికీ గట్టిగా చెప్పాలి!

ఫోన్‌పే, గూగుల్ పేలో హిస్టరీ ఉంటుంది కదా, మళ్లీ రాయడమెందుకు?

హిస్టరీలో ఎవరికి ఎంత ఇచ్చారో ఉంటుంది, దేనికిచ్చారో ఉండదు. పాతూరులో కూరగాయలు కొంటే అమ్మినామె కొడుకు పేరు కనిపిస్తుంది. నెల తర్వాత ఆ పేరు చూస్తే అది వంకాయలో, చేబదులో గుర్తుండదు. డబ్బు పంపేటప్పుడే నోట్ దగ్గర ఒక్క మాట రాస్తే ఈ చిక్కు సగం తీరుతుంది.

యూపీఐ లైట్ వాడేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. అందులో ఒకేసారి ₹5,000 దాకా నింపుకుని, ₹1,000 లోపు చెల్లింపులు పిన్ లేకుండా చేయొచ్చు. సౌకర్యంగానే ఉంటుంది. కానీ బ్యాంకు పాస్‌బుక్‌లో నింపిన మొత్తం ఒక్కటే పడుతుంది. అందులోంచి చేసిన చిన్న చిన్న ఖర్చులు అక్కడ కనిపించవు, యూపీఐ యాప్‌లోనే వెతుక్కోవాలి. ఇళ్లల్లో లెక్క తప్పేది ఎక్కువగా ఆ చిన్న ఖర్చుల దగ్గరే.

మీ ఒక ఖాతా నుంచి మీదే ఇంకో ఖాతాకు పంపుకున్నది ఖర్చు కాదు. ఏటీఎంలో తీసింది కూడా ఖర్చు కాదు, జేబులోకి మారిందంతే. స్టేట్‌మెంట్ చూసి షీట్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ రెండిటినీ వదిలేయాలి. యాప్‌లో ఆటోపే అనే చోట ఒకసారి తొంగి చూడండి. ఎప్పుడో ఉచితంగా చూద్దామని ఒప్పుకున్న సినిమా యాప్ నెలనెలా డబ్బు లాగుతూ ఉండొచ్చు. అక్కడే ఆపేయవచ్చు.

మాది వ్యవసాయం. జీతం లేనివాళ్లకు బడ్జెట్ ఏముంటుంది?

నిజానికి మీకే ఎక్కువ అవసరం.

ముందు ఇంటి షీట్, పొలం షీట్ వేరు చేయండి. విత్తనాలు, ఎరువులు, ట్రాక్టర్ బాడుగ, కూలీలు, మోటారు రిపేరు, అన్నీ పొలం షీట్‌లోనే. పంట అమ్మిన డబ్బు కూడా అక్కడే పడాలి. పొలం నుంచి ఇంటికి నెలకింత అని జీతం లాగా పంపుకోవాలి. ఎంత అన్నదే అసలు ప్రశ్న. గడిచిన మూడేళ్లలో పెట్టుబడి పోగా ₹2,10,000, ₹96,000, ₹1,50,000 మిగిలాయనుకుందాం. సగటు తీస్తే ఏడాదికి ₹1,52,000, నెలకు ₹12,667. వినడానికి బాగుంది. కానీ వానను నమ్ముకుని సాగే చోట సగటు మోసం చేస్తుంది. తక్కువ వచ్చిన ఏడాదినే తీసుకోండి: ₹96,000ను పన్నెండుతో భాగిస్తే ₹8,000. అదే మీ జీతం.

ఎనిమిది వేలతో ఇల్లు ఎలా గడుస్తుందని అడుగుతారు. గడవకపోవచ్చు. గడవదన్న సంగతి మార్చిలో కాకుండా ముందు జూన్‌లోనే తెలుస్తుంది, ఈ లెక్క ఉపయోగం అదే. పాల మీద ఎంత వస్తుంది, కూలికి వెళ్తే ఎంత, బోరుకు పెట్టాలనుకున్న డబ్బు ఈ ఏడాది ఆపాలా అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. పంట బాగా పండితే మిగులు పొలం షీట్‌లోనే ఉండనివ్వండి. మరుసటి ఏడాది పెట్టుబడికి వడ్డీ తప్పుతుంది.

మీ ఏడాదిని జనవరిలో మొదలుపెట్టకండి. వానాధారం శెనక్కాయ జూన్, జూలైలో విత్తితే డబ్బు చేతికొచ్చేది అక్టోబర్, నవంబర్ తర్వాతే. బడి ఫీజులు కూడా జూన్‌లోనే. కాబట్టి జూన్ నుంచి మే దాకా ఒక ఏడాదిగా రాసుకోండి. చీనీ (బత్తాయి) తోట ఉన్నవాళ్లు తమ కోతలను బట్టి మార్చుకోవచ్చు. ధర్మవరంలో చీరకు ఇంత అని మగ్గం కూలి తీసుకునేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. వాళ్లు తక్కువ పని దొరికిన నెలను ఆధారంగా తీసుకోవాలి.

ఇంకొకటి. బ్యాంకు పంట రుణం 3 లక్షల లోపు 7 శాతానికి వస్తుంది, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. ఆ రుణాన్ని కట్టి మళ్లీ తీసుకోవడానికి, అంటే రెన్యువల్ కోసం, చాలామంది నాలుగు రోజులకని బయట అప్పు తెచ్చి బ్యాంకులో కట్టి, తిరిగి తీసుకుని వాళ్లకిచ్చేస్తారు. ఆ నాలుగు రోజులకు ఇచ్చిన వడ్డీని ఎవరూ రాయరు. అదీ పొలం ఖర్చే, రాయండి.

చీటీ కడుతున్నాం. అది పొదుపా, ఖర్చా, అప్పా?

పాడకముందు పొదుపు, పాడాక అప్పు. ఖర్చు మాత్రం కాదు.

లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు ₹5,000 అనుకుందాం. ఈ నెల పాట ₹25,000 దగ్గర ఆగింది. పాడినవాళ్లకు ₹75,000 వస్తుంది. వదులుకున్న ₹25,000లో చీటీ నడిపేవాళ్ల కమీషన్, లక్ష మీద 5 శాతం అంటే ₹5,000 పోతే, మిగిలిన ₹20,000ను ఇరవై మందికి పంచితే తలా ₹1,000. కాబట్టి ఈ నెల మీరు కట్టేది ₹4,000. షీట్‌లో రాయాల్సింది ఆ నాలుగు వేలే. పుస్తకంలో ఉన్న అయిదు వేలు కాదు.

మీరు పాడకపోతే అది పొదుపు పద్దులోకి వెళ్తుంది. చీటీ పాడిన రోజు వచ్చిన ₹75,000ను ఆదాయం కింద రాయకండి. చాలా ఇళ్లలో లెక్క ఇక్కడే గాడి తప్పుతుంది. ఆ నెల ఇంట్లో డబ్బే డబ్బు అనిపిస్తుంది, ఫ్రిజ్జు వస్తుంది, కాళ్ల పట్టీలు వస్తాయి. ఆరో నెలలో పాడితే ఇంకా పద్నాలుగు కంతులు కట్టాలి. చేతికొచ్చిన ₹75,000లో మీరు ఇప్పటికే కట్టింది పోతే మిగిలిందంతా అప్పే. ఆ కంతులను అప్పు తీర్చడం అనే పద్దులో రాసుకోండి.

చీటీల చట్టం 1982లో వచ్చింది. నడిపేవాళ్ల కమీషన్ 5 శాతం మించకూడదన్న పరిమితిని 2019 సవరణలో 7 శాతానికి పెంచారు. ఈ రక్షణ రిజిస్టర్ అయిన చీటీకే. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీకి ఏ కాగితమూ ఉండదు. అందుకే షీట్‌లో వీధి చీటీని బ్యాంకు డబ్బుతో కలపకుండా, రావాల్సినవి అని వేరే పేజీలో పెట్టమంటాను. అది చేతికొచ్చేదాకా మీ డబ్బు కాదు.

బయట రెండు రూపాయల వడ్డీకి అప్పుంది. ముందు పొదుపు చేయాలా, అప్పు తీర్చాలా?

అప్పు తీర్చండి. మనం నూటికి నెలకు రూపాయల్లో చెప్పుకుంటాం కాబట్టి రెండంటే చిన్నదిగా వినిపిస్తుంది. షీట్‌లో ఏడాది శాతం అని ఒక వరస పెట్టి మార్చి రాయండి: రూపాయి వడ్డీ 12 శాతం, రూపాయిన్నర 18, రెండు రూపాయలు 24, మూడు రూపాయలు 36. ఎఫ్‌డీ మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ మీరు కట్టే 24 శాతంలో మూడో వంతు కూడా ఉండదు. ఒకవైపు ఎఫ్‌డీ వేసుకుని, ఇంకోవైపు రెండు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి.

లక్ష రూపాయలకు నెలకు ₹2,000 చొప్పున ఏడాది వడ్డీ కడితే ₹24,000 పోతుంది, అసలు లక్ష అలాగే ఉంటుంది. అదే లక్షను 12 శాతానికి ఏడాది ఈఎంఐ మీద తీసుకుంటే నెలకు సుమారు ₹8,885 పడుతుంది. ఏడాదికి మొత్తం ₹1,06,600 చిల్లర కట్టేసరికి అసలు కూడా తీరిపోతుంది. నెల కంతు మోయగలరా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు మీ షీటే చెప్పాలి. షీట్స్‌లో పీఎంటీ అనే ఫార్ములాతో ఏ అప్పుకైనా ఈ లెక్క వేసుకోవచ్చు.

బంగారం కొంటే ఖర్చు కింద రాయాలా?

రెండు ముక్కలు చేసి రాయండి. తరుగు, మజూరీ, జీఎస్టీ ఖర్చు. మిగిలింది ఆస్తి. ప్రొద్దుటూరు వెళ్లి కొన్నా, ఇక్కడే కొన్నా బిల్లులో ఇవి విడిగా ఉంటాయి. రేపు తాకట్టు పెడితే బ్యాంకు బంగారం తూకానికే విలువ కడుతుంది, మీరిచ్చిన మజూరీకి కాదు. రాళ్ల బరువునూ తీసేస్తుంది.

ప్రభుత్వ పథకాల డబ్బును ఎలా చూపించాలి?

ఖాతాలో పడ్డాకే రాయండి, పడుతుందని ముందే ఖర్చు పెట్టకండి. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ₹13,000 తల్లి ఖాతాలో పడింది. దాన్ని ఆ నెల ఆదాయంగా కాకుండా బడి ఖర్చు పద్దుకు ఎదురు జమగా చూపిస్తే, చదువుకు ఇంటి నుంచి నిజంగా ఎంత పెట్టారో తెలుస్తుంది. దీపం-2 సిలిండర్ డబ్బు కూడా అంతే. ముందు కట్టి, తర్వాత ఖాతాలో తిరిగి పడినప్పుడు గ్యాస్ పద్దులోనే మైనస్ గుర్తుతో రాయండి.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. నార్పల నుంచో, తాడిపత్రి నుంచో రోజూ అనంతపురం వచ్చే ఉద్యోగినికి ఇది చిన్న మొత్తం కాదు. మిగిలిన ఆ బస్సు చార్జీ ఎటు పోతోందో షీట్‌లో చూడండి. దానికో పద్దు పెట్టకపోతే అది బయటి తిండిలో కలిసిపోతుంది.

యాభై, ముప్పై, ఇరవై అంటారే, ఆ సూత్రం మనకు కుదురుతుందా?

అవసరాలకు 50 శాతం, కోరికలకు 30, పొదుపుకు 20 అని. అది అమెరికా నుంచి వచ్చిన లెక్క. ఇరవై వేల ఆదాయంలో బాడుగ, బియ్యం, బడి ఫీజు పోగా ముప్పై శాతం కోరికలకు ఎక్కడ మిగులుతుంది? మూడు నెలలు మీ ఖర్చు ఉన్నదున్నట్టు రాయండి, మీ శాతాలేంటో అవే బయటపడతాయి. అందులో ఒకటి రెండు పద్దులు తగ్గించగలరేమో చూడండి.

ప్రతి నెలా ఏదో ఒక అనుకోని ఖర్చు వచ్చిపడుతోంది. ఏం చేయాలి?

వాటిలో ఎక్కువ భాగం అనుకోనివి కావు, ఏడాదికోసారి వచ్చేవి. బండి ఇన్సూరెన్స్, ఉగాది బట్టలు, గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరకు ప్రయాణం, ఇంటి పన్ను, పెళ్లిళ్ల చదివింపులు. వీటన్నిటినీ ఒక పేజీలో రాసి, కూడి, పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టండి. మొత్తం ₹36,000 అయితే నెలకు ₹3,000.

చదివింపుల పుస్తకం చాలా ఇళ్లల్లో ఉంటుంది. మన ఇంట్లో పెళ్లికి ఎవరెంత చదివించారో అందులో ఉంటుంది కాబట్టి, ఎవరికెంత తిరిగి పెట్టాలో ముందే తెలిసిన ఖర్చు అది. దాన్ని షీట్‌లోకి ఎక్కించుకోండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చేసరికి టెన్షన్ ఉండదు.

తేదీలను గూగుల్ క్యాలెండర్‌లో ప్రతి ఏడూ వచ్చేలా పెట్టండి. మే నెలాఖరులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ₹436, సురక్షా బీమాకు ₹20 ఖాతా నుంచి వాటంతటవే పోతాయి. ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మున్సిపాలిటీ ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గుతుంది. ఈ ఒక్కటి గుర్తు చేసినా క్యాలెండర్ పెట్టుకున్న శ్రమకు ఫలితం దక్కుతుంది.

ఖర్చులు తనే రాసుకుంటానని ఒక యాప్ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతోంది. ఇవ్వచ్చా?

నేనైతే ఇవ్వను. బ్యాంకు మెసేజ్‌లతో పాటు ఓటీపీలు కూడా అక్కడే వస్తాయి. పైగా ఉచితమని చెప్పే కొన్ని లెక్కల యాప్‌లు మీ ఆదాయం చూసి అప్పు అంటగట్టడానికే ఉన్నాయి. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అవి అడిగే యాప్ కనిపిస్తే తీసేయండి. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మీ షీట్‌లో కూడా ఖాతా నంబర్లు, పిన్‌లు, ఆధార్ రాయకండి. ఇంట్లోవాళ్లతో పంచుకునేటప్పుడు లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనేది కాకుండా, వాళ్ల మెయిల్ పేరు పెట్టి పంచుకోండి.

నేను దాచుకునేది మా ఆయనకు కనిపించకూడదు. ఎలా?

పంచుకోని వేరే షీట్ పెట్టుకోండి, అంతే. పోపుల డబ్బాలో దాచినదానికి ఎవరూ లెక్క అడగలేదు, దీనికీ అడగక్కర్లేదు. ఉమ్మడి షీట్‌లో మాత్రం ఆ మొత్తాన్ని పొదుపు అని చూపించండి. లేకపోతే నెలాఖరున లెక్క కలవక, దాచిన సంగతి తెలిసేది అక్కడే.

మా అత్తమ్మది బటన్ ఫోన్. ఆమె చేతి ఖర్చు ఎలా?

ఆమెకు నెలకింత అని ఇచ్చి, ఆ ఇచ్చిన మొత్తాన్నే ఒక పద్దుగా రాయండి. ఆమె కొన్న ఆకు వక్కల లెక్క మీకెందుకు?

ఫోన్ పోతే లెక్కలన్నీ పోతాయా?

షీట్స్‌లో రాసినవి పోవు, కొత్త ఫోన్లో అదే జీమెయిల్‌తో లాగిన్ అయితే వచ్చేస్తాయి. పాస్‌వర్డ్ గుర్తుండాలి, ఖాతా రికవరీకి ఇచ్చిన నంబరు పనిచేస్తూ ఉండాలి. మనవాళ్లు సిమ్ మార్చినప్పుడు ఇది మర్చిపోతారు, ఈరోజే చూసుకోండి. పిల్లలు ఆడుకుంటూ వరసలు చెరిపేస్తే కంప్యూటర్‌లో ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి నిన్నటి షీట్‌ను తెచ్చుకోవచ్చు. ఫోన్లోనే దాచుకునే యాప్‌లకు ఈ భరోసా ఉండదు. వాటిలో బ్యాకప్ అనేది ఎక్కడుందో వెతికి, నెలకోసారి ఫైల్‌ను మెయిల్‌కు పంపుకోవాలి. మే నెల ముగిశాక షీట్‌కు ఒక కాపీ తీసి ఆ ఏడాది పేరు పెట్టి పక్కన ఉంచండి. కొత్త షీట్‌లో వరసలు ఖాళీ చేసి, పద్దులు అలాగే ఉంచి, జూన్ ఒకటి నుంచి రాయడం మొదలుపెట్టొచ్చు.